పెంకు గట్టిగా ఉంటే ఎముక గట్టిగా ఉన్నట్టేనా? లేయర్ కోళ్ళ ఎముకల కథ

తెల్లవారి మేత వెయ్యడానికి షెడ్డులోకి వెళ్తే కేజీలో (ఊచల బోనులో) ఒక కోడి పక్కకు ఒరిగి పడి ఉంటుంది. తురాయి ఎర్రగానే ఉంది. కన్ను చురుగ్గా తిరుగుతోంది. మేతసంచి తడిమితే నిండుగా తగులుతోంది. కాళ్ళు మాత్రం నిలబడడం లేదు. నిన్నటిదాకా రోజుకో గుడ్డు పెట్టిన కోడే అది. మేత తొట్టి జానెడు దూరంలో ఉన్నా అందుకోలేదు, నీళ్ళ నిపుల్ దాకా తల ఎత్తలేదు. అలాగే వదిలేస్తే రెండు మూడు రోజుల్లో దాహంతోనే చచ్చిపోతుంది. ఒడిశాలో బరంపురం, ఛత్రపురం వైపు పెద్ద షెడ్లలోనైనా, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ చుట్టుపక్కల చిన్న ఫారాల్లోనైనా ఇలాంటి కోడిని చూసి 'పక్షవాతం కొట్టింది' అని తీసి పక్కన పడేయడం మామూలే. నిజానికి దాన్ని పడగొట్టింది వాతం కాదు, ఎముకలు గుల్లబారడం. దీన్ని కేజ్ లేయర్ ఫెటీగ్ అంటారు. కోళ్ళను నేలమీద నుంచి కేజీల్లోకి ఎక్కించిన కొత్తలో, 1950ల్లో అమెరికాలో ఈ జబ్బు మొదట గుర్తింపులోకి వచ్చింది.

ఒక కోడి పడిపోయిందంటే, దాని చుట్టూ ఇంకా పడిపోని కోళ్ళు చాలా ఉన్నాయని అర్థం. వాటి ఎముకలూ అదే దారిలో ఉంటాయి, పైకి తెలియదంతే. గుడ్డు బాగుంది, పెంకు బాగుంది కాబట్టి మందలో కాల్షియానికి లోటు లేదనుకోవడం ఇక్కడ జరిగే మొదటి పొరపాటు. కోడి ముందుగా కాపాడేది పెంకును. తన ఎముకను కరిగించి మరీ పెంకు కడుతుంది. అందువల్ల పెంకు పలచబడ్డట్టు కంటికి కనిపించే వేళకు ఎముకలో నష్టం ఎప్పుడో జరిగిపోయి ఉంటుంది.

లెక్క వేసి చూస్తే ఇది సులువుగా తెలుస్తుంది. ఒక గుడ్డు పెంకు బరువు 5 నుంచి 6 గ్రాములు. అందులో దాదాపు 95 శాతం కాల్షియం కార్బొనేట్. అంటే ఒక్కో గుడ్డులో రెండు గ్రాములకు పైగా కాల్షియం బయటికి పోతోంది. ఏడాదికి 320 గుడ్లు పెట్టే కోడి దాదాపు 700 గ్రాముల కాల్షియం పెంకుల రూపంలో ఇచ్చేస్తుంది. ఆ కోడి బరువు ఒకటిన్నర కిలో. దాని ఒంట్లో ఉన్న మొత్తం కాల్షియం 20, 25 గ్రాములకు మించదు. ఇన్ని రెట్లు తిప్పితిప్పి ఇవ్వాలంటే రోజూ రావలసింది రోజూ రావాలి, సరైన వేళకు రావాలి. మేతలో తిన్న కాల్షియంలో ఒంటికి పట్టేది సగం, మహా అయితే అరవై శాతం. అందుకే రోజుకు 4 గ్రాములకు తగ్గకుండా ఇవ్వాలంటారు.

వేళ సంగతికి అంత పట్టింపు ఎందుకంటే, పెంకు తయారీ చాలావరకు రాత్రిపూట జరుగుతుంది. ఉదయం గుడ్డు పెట్టిన కోడికి అరగంట, ముప్పావుగంటలో తరవాతి పచ్చసొన విడుదలవుతుంది. తెల్లసొన, పొరలు చుట్టుకుని అది పెంకు కట్టే సంచిలోకి చేరడానికి నాలుగైదు గంటలు పడుతుంది. అక్కడ 18 నుంచి 20 గంటలు ఉంటుంది. లైట్లు ఆరేసరికి పెంకు పని ఊపందుకుంటుంది. అదే సమయానికి కోడి తినడం ఆపేస్తుంది. పేగుల్లో ఉన్న మేత అర్ధరాత్రికల్లా ఖాళీ అయిపోతుంది. అక్కడి నుంచి తెల్లారేదాకా పెంకుకు కావలసింది ఎముక నుంచే రావాలి.

ప్రకృతి దీనికో ఏర్పాటు చేసింది. మొదటి గుడ్డుకు పది పద్నాలుగు రోజుల ముందు, ఈస్ట్రోజెన్ హార్మోను పెరగ్గానే, తొడ ఎముకల్లోనూ కాలి ఎముకల్లోనూ ఉన్న బోలులో ఒక మెత్తటి, స్పాంజి లాంటి ఎముక కట్టుకుంటుంది. మెడుల్లరీ ఎముక అని దాని పేరు. ఒంటి బరువు మోయడంలో దాని పాత్ర తక్కువ. అది కాల్షియం గాదె. పగలు నింపుకుంటుంది, రాత్రి ఖాళీ చేస్తుంది. ఇబ్బంది ఏమిటంటే, గుడ్డు మొదలయ్యాక ఎముక కట్టే కణాలన్నీ ఈ గాదెను నింపే పనిలోనే పడతాయి. ఒంటిని మోసే గట్టి ఎముకను కొత్తగా కట్టడం దాదాపు ఆగిపోతుంది. కరిగించే కణాలకు మాత్రం గాదె, గోడ అన్న తేడా లేదు. గాదెలో తక్కువపడ్డ రాత్రి గోడను తవ్వుతాయి. రోజుకింత చొప్పున ఏడాదిపాటు గోడ తరుగుతూ పోతుంది, తిరిగి కట్టేవాళ్ళు ఉండరు.

పెరట్లో తిరిగే నాటు కోడికి ఈ బాధ ఎందుకు రాదో ఇక్కడే తెలుస్తుంది. అది పన్నెండో పదిహేనో గుడ్లు పెట్టి పొదుగుకు కూర్చుంటుంది. 21 రోజుల పొదుగు, ఆ తరవాత పిల్లలతో తిరిగే వారాలు. అన్ని రోజులూ గుడ్డు ఉండదు, ఈస్ట్రోజెన్ తగ్గుతుంది, గాదె ఎముక మాయమై గట్టి ఎముక మళ్ళీ కట్టుకుంటుంది. పొదుగుకొచ్చిన కోడిని నీళ్ళలో ముంచి, బుట్ట కింద మూసి పొదుగు మాన్పించడం మన ఊళ్ళలో ఉన్నదే. ఆ పొదుగు దాని ఎముకలకు దొరికే సెలవు. లేయర్ బ్రీడుల్లో ఈ పొదుగు గుణాన్ని ఏరివేతతో దాదాపు పూర్తిగా తీసేశారు. ఇప్పుడు 80 వారాలు, 90 వారాలు, కొన్నిచోట్ల 100 వారాల దాకా బ్యాచ్ నడుపుతున్నారు. సెలవు లేని కోడికి ఎముక ఇచ్చేది గుడ్డుకు ముందటి పదహారు, పదిహేడు వారాలే.

పుల్లెట్ దశలో, అంటే గుడ్డుకు రాకముందే, కట్టాల్సిందే

కోడి అస్థిపంజరం 12, 13 వారాలకే దాదాపు 95 శాతం పూర్తవుతుంది. ఆ తరవాత మేత ఎంత పెట్టినా ఒళ్ళు వస్తుంది గానీ ఎముక పొడవు పెరగదు. 6 నుంచి 12 వారాల మధ్య వెనకబడ్డ బ్యాచ్‌ను 16వ వారంలో మంచి మేత పెట్టి బరువుకు తెచ్చామని సంబరపడినా లాభం ఉండదు. బరువు చార్టుకు సరిపోతుంది, ఆ బరువు మాత్రం చిన్న చట్రం మీద కొవ్వుగా కూర్చుంటుంది. అందుకే ప్రతి వారం కనీసం వంద పిల్లలను తూచాలి. వేర్వేరు కేజీల నుంచి తియ్యాలి, పట్టుకోవడానికి చేతికి అందిన మొదటి వరసనే ఎప్పుడూ తూస్తే లెక్క తప్పుతుంది. నూటికి 80, 85 కోళ్ళు సగటుకు పది శాతం అటూఇటూలో ఉండాలి. బరువుతో పాటు కాలి పొడవూ కొలిస్తే చట్రం ఎలా పెరుగుతోందో నిజంగా తెలుస్తుంది.

లైటు పెంచే తొందర ఇంకో చేటు. గుడ్డు ధర బాగుందని, విశాఖ రేటు ఎక్కిందని 16 వారాలకే వెలుతురు పెంచేస్తే బరువు రాని కోడి కూడా గుడ్డుకొస్తుంది. తెల్ల లేయర్లకు ఒకటింబావు కిలో, కాస్త అటూఇటూగా, వచ్చేదాకా లైటు పెంచకూడదు. పదిరోజులు ఆగితే పోయే గుడ్లు కొన్నే. తొందరపడితే పోయేది మిగిలిన ఏడాదిన్నర ఎముక బలం.

గుడ్డుకు ముందు మేత మార్చే పద్ధతిలోనూ రెండు వైపులా గోతులున్నాయి. గ్రోయర్ (ఎదిగే పిల్లల) మేతలో కాల్షియం ఒక శాతం చుట్టూ ఉంటుంది, లేయర్ మేతలో 3.8 నుంచి 4 శాతం. తురాయిలు ఎర్రబడడం మొదలైనప్పుడు, సుమారు 16 వారాలకు, 2 నుంచి 2.5 శాతం కాల్షియం ఉన్న ప్రీలే (గుడ్డుకు ముందటి) మేతకు మారాలి. మెడుల్లరీ గాదె కట్టుకునేది ఈ రెండు వారాల్లోనే. ఇంకా ముందే లేయర్ మేత పెట్టేస్తే మిగులు కాల్షియం మూత్రపిండాల మీద పడి గౌట్ వస్తుంది. కోసి చూస్తే మూత్రపిండాలు ఉబ్బి సుద్దపూతలా తెల్లగా కనిపిస్తాయి. ఇటువైపు, మందలో గుడ్లు మొదలైపోయాక కూడా ప్రీలే మేతే సాగదీస్తే ముందుగా గుడ్డుకొచ్చిన కోళ్ళు రెండు శాతం కాల్షియంతో రోజుకో పెంకు కట్టాల్సి వస్తుంది. మందలో చురుకైన కోళ్ళు అవే. 25, 30 వారాల వయసులోనే కాళ్ళు పడిపోయే కోళ్ళలో ఎక్కువ భాగం ఇలాంటివే. మొదటి గుడ్లు కనబడ్డ వారంలోపే లేయర్ మేతకు మారిపోవాలి.

సాయంత్రం పెట్టే గ్రిట్

టన్ను లేయర్ మేతలో సున్నపురాయి సుమారు 100 కిలోలు పడుతుంది. మంచి సున్నపురాయిలో కాల్షియం 38 శాతం కాబట్టి అక్కడికే 3.8 శాతం వచ్చేస్తుంది. ఎంత వేశామన్నదానికి తోడు ఏ రూపంలో వేశామన్నది చూడాలి. మెత్తటి పొడి రెండు మూడు గంటల్లో పేగులు దాటిపోతుంది. 2 నుంచి 4 మిల్లీమీటర్ల గ్రిట్ (పలుకులు) అయితే కందనకాయలో చిక్కుకుని రాత్రంతా నెమ్మదిగా కరుగుతుంది, గాదె మీద బరువు తగ్గిస్తుంది. గుడ్డు మొదలైన నెలల్లో పొడి సగం, గ్రిట్ సగం సరిపోతుంది. 50 వారాలు దాటాక గ్రిట్ మూడింట రెండు వంతులకు చేరాలి.

సగం సగం కలిపామంటే అన్ని కోళ్ళకూ సగం సగం అందినట్టు కాదు. పొడి మేతలో గ్రిట్ బరువుకు అడుగుకు దిగిపోతుంది. ట్రాలీ కదిలిన ప్రతిసారీ ఇంకాస్త దిగుతుంది. దీన్ని పరీక్షించడం తేలిక. వరస మొదట్లో ఒక కిలో, చివర్లో ఒక కిలో మేత తొట్టిలోంచి తీసి 2 మిల్లీమీటర్ల జల్లెడ పట్టాలి. జల్లెడలో మొక్కజొన్న పలుకులూ మిగులుతాయి కాబట్టి వాటిని నీళ్ళలో వేసి తేర్చి, అడుగున దిగిన గ్రిట్‌ను ఆరబెట్టి తూచాలి. టన్నుకు 50 కిలోల గ్రిట్ వేసి ఉంటే కిలోకు 50 గ్రాములు రావాలి. ఒకచోట 70, ఇంకోచోట 25 వస్తే చివరి కేజీల కోళ్ళు ఎందుకు పడిపోతున్నాయో అక్కడే తెలిసిపోతుంది. మిక్సర్‌లో టన్నుకు 5 కిలోల నూనె చేరిస్తే పొడి, గ్రిట్ కొంత అతుక్కుంటాయి. ఇంతకంటే నికరమైన పద్ధతి, రోజు చివరి మేత వేళకు తొట్టిలో పైనుంచి గ్రిట్ చల్లడం. కోడికి 4, 5 గ్రాములు, వెయ్యి కోళ్ళకు 4, 5 కిలోలు. లైట్లు ఆరడానికి రెండు గంటల ముందు ఈ పని అయిపోవాలి. కాల్షియం కావలసిన కోడి సాయంత్రం దాన్ని ఏరుకుని తింటుంది, చూస్తూ నిలబడితే కనిపిస్తుంది.

తీరం వైపు గుల్లల గ్రిట్ వాడేవాళ్ళు దాన్ని కడిగి వాడాలి, ఇసుకా ఉప్పూ రెండూ ఉంటాయి. కొన్న సరుకు ఏదైనా పది గ్రాములు గాజు గ్లాసులో వేసి, పలచన చేసిన హైడ్రోక్లోరిక్ ఆమ్లం కొద్దికొద్దిగా పొయ్యాలి. చేతికి తొడుగు, కళ్ళకు అద్దాలు తప్పనిసరి. నురగ ఆగిపోయాక అడుగున మిగిలిన దాన్ని కడిగి ఆరబెట్టి తూస్తే ఒక గ్రాము మిగిలిందంటే పది శాతం ఇసుకకు డబ్బు పెట్టినట్టు. చల్లటి ఆమ్లంలో బాగా నెమ్మదిగా, అక్కడక్కడ బుడగలు వస్తే అది డోలమైట్ అయి ఉండొచ్చని అనుమానించాలి. దానిలోని మెగ్నీషియం కాల్షియం ఒంటపట్టడాన్ని చెడగొడుతుంది, రెట్ట పలచనవుతుంది.

ఇదే ఆమ్లం డీసీపీ (ఫాస్ఫరస్ కోసం మేతలో కలిపే డైకాల్షియం ఫాస్ఫేట్) మోసాన్నీ పట్టిస్తుంది. నికార్సైన డీసీపీ పెద్దగా పొంగదు. బుసబుస పొంగిందంటే సున్నపురాయి పొడి కలిపారన్నమాట. ఎముక కాల్షియం ఒక్కదానితో కట్టుకోదు, ఫాస్ఫరస్ కూడా కావాలి. రాత్రి ఎముక కరిగినప్పుడు ఆ రెండూ రక్తంలోకి వస్తాయి. కాల్షియం పెంకుకు పోతే, ఫాస్ఫరస్ రెట్టలో పోతుంది. మర్నాడు గాదె మళ్ళీ నిండాలంటే ఆ పోయిన ఫాస్ఫరస్ మేతలోంచి రావాలి. మొక్కజొన్నలో, తవుడులో ఉన్న ఫాస్ఫరస్‌లో మూడింట రెండు వంతులు ఫైటేట్ అనే పదార్థంలో బిగుసుకుని కోడికి అందదు. ఫైటేజ్ ఎంజైమ్ కొంత విడిపిస్తుంది. ఫైటేజ్ వేశాం కదా అని డీసీపీ పూర్తిగా ఎత్తేసినచోట, వేడి గోదాములో ఆ ఫైటేజ్ బలం తగ్గిపోతే, కాల్షియం నిండుగా ఉన్నా కోళ్ళు పడిపోతాయి.

బూజు పట్టిన మొక్కజొన్న ఎముక దాకా

ఈ జిల్లాల్లో దీన్ని ప్రత్యేకంగా చెప్పుకోవాలి. నవరంగపురం, రాయగడ, కొరాపుట్ కొండ జిల్లాల్లో ఖరీఫ్ మొక్కజొన్న బాగా పండుతుంది. కోతలు వానలు వెనకబట్టే రోజుల్లో పడతాయి. అక్టోబరులో తుపాను వచ్చిందంటే, 2013లో ఫైలిన్, 2018లో తిత్లీ వచ్చినట్టు, కళ్ళంలోని గింజ తడిసి ముద్దవుతుంది. తేమ 14 శాతం దాటిన గింజను బస్తాల్లో కట్టి నిలవచేస్తే బూజు పట్టి అఫ్లటాక్సిన్ అనే బూజు విషం చేరుతుంది. చవగ్గా దొరికిందని అదే కొనుక్కొచ్చి మేతలో కలుపుతారు.

అఫ్లటాక్సిన్ దెబ్బతీసేది కాలేయాన్ని. మేతలో వేసిన విటమిన్ డి3 ఉన్నదున్నట్టు పనిచెయ్యదు. మొదట కాలేయంలో, తరవాత మూత్రపిండంలో మారితేనే అది పేగులోంచి కాల్షియాన్ని లోపలికి లాగగలుగుతుంది. కాలేయం పాడైతే ఆ మొదటి మెట్టే జారిపోతుంది. పైగా డి3 కొవ్వులో కరిగే విటమిన్, పైత్యరసం తక్కువైతే అసలు ఒంటికే పట్టదు. కాల్షియం సరిగా వేశాం, డి3 టన్నుకు 30 లక్షల యూనిట్లు వేశాం, అయినా కోళ్ళు పడిపోతున్నాయంటే చచ్చిన కోడి కాలేయం తీసి చూడాలి. పసుపు పచ్చగా, పెళుసుగా, వేలితో నొక్కితే చితికిపోయేలా ఉంటే అఫ్లటాక్సిన్‌ను అనుమానించాలి. కోడి కొవ్వు పట్టినా కాలేయం ఇలాగే కనిపిస్తుంది కాబట్టి గింజను ల్యాబుకు పంపి తేల్చుకోవాలి. విషాన్ని పట్టి ఉంచే టాక్సిన్ బైండర్ కొంత కాపాడుతుంది, బూజు గింజను మంచి గింజగా మార్చదు. కొనేటప్పుడే తేమ మీటరు పెట్టి చూడడం, 14 దాటితే ఎండబెట్టందే గోదాములోకి రానివ్వకపోవడం ఖర్చు తక్కువ పని.

ఏప్రిల్, మే నెలల్లో ఇంకో దెబ్బ. వేడికి కోడి నోరు తెరిచి రొప్పుతుంది. రొప్పితే రక్తంలోని కార్బన్ డయాక్సైడ్ బయటికి పోతుంది. పెంకులోని కార్బొనేట్‌కు ముడిసరుకు అదే. దానికి తోడు మేత తగ్గుతుంది. 110 గ్రాములు తినే కోడి 3.8 శాతం మేతలో 4.2 గ్రాముల కాల్షియం తీసుకుంటుంది. 95 గ్రాములకు పడిపోతే అదే మేతలో 3.6 గ్రాములే. వేసవిలో మేతను 4.3 శాతానికి, అంటే టన్నుకు సున్నపురాయి 113 కిలోలకు పెంచితే మళ్ళీ 4 గ్రాములు దాటుతుంది. మధ్యాహ్నం తొట్టి ఖాళీగా ఉంచి, చల్లబడ్డాక ఎక్కువ మేత వెయ్యాలి. అర్ధరాత్రి లైటు వెయ్యడం కూడా బాగా పనిచేస్తుంది. రాత్రి 8కి ఆర్పి తెల్లవారి 4కి వేసే షెడ్డులో 11:30 నుంచి 12:30 దాకా ఒక గంట లైటు వేస్తే కోళ్ళు లేచి మేత తిని, నీళ్ళు తాగి పడుకుంటాయి. అటు ఇటు కనీసం మూడేసి గంటల చీకటి ఉండాలి. కరెంటు ఉంటే వేసి, లేకపోతే మానేసే పద్ధతిలో మాత్రం దీన్ని మొదలుపెట్టకూడదు. తీరంలో బోరు నీళ్ళు ఉప్పగా ఉంటే పెంకు ఇంకా పలచనవుతుంది. నీళ్ళు పరీక్ష చేయించి మేతలో ఉప్పు ఆమేరకు తగ్గించాలి.

చేతితో తడిమితే తెలిసే నొప్పి

పడిపోయిన కోడి కంటికి కనిపిస్తుంది. రొమ్ము ఎముక విరిగిన కోడి కనిపించదు. రొమ్ము మధ్యలో పడవ అడుగులా నిటారుగా ఉండే ఎముకను కీల్ అంటారు. దాని వెనక కొస దాదాపు 35, 40 వారాల దాకా మెత్తటి మృదులాస్థిగానే ఉంటుంది. ఆలోపే కోడి పూర్తి గుడ్డు మీద ఉంటుంది. డెన్మార్క్‌లో 4,794 కోళ్ళను పరీక్షించి 2021లో వెలువరించిన అధ్యయనంలో, ఏ రకం పెంపకమైనా సరే, ఒక్కో మందలో సగం నుంచి దాదాపు అన్ని కోళ్ళకూ కీల్ విరిగి కనిపించింది. ఎక్కువగా వెనక కొసలోనే. గుడ్డు త్వరగా మొదలైన మందల్లో ప్రమాదం ఎక్కువని కూడా అందులో తేలింది. లైటు తొందర గురించి పైన చెప్పిన మాటకు ఇది గట్టి ఆధారం.

విరిగిన ఎముక నొప్పి పెడుతుందా అన్న అనుమానం అక్కర్లేదు. కీల్ విరిగిన కోళ్ళకు నొప్పి మందు ఇస్తే దండెం (కోళ్ళు ఎక్కి కూర్చునే కర్ర) మీంచి త్వరగా దిగాయని, ఆ మందు దొరికిన చోటునే అవి కోరుకున్నాయని బ్రిటన్ పరిశోధకులు చూపించారు. కోడి నొప్పిని దాచుకుంటుంది, మూలగదు. కేజీలో నడిచే చోటు లేదు కాబట్టి కుంటడం కూడా కనిపించదు. చెయ్యి పెట్టి చూస్తేనే తెలుస్తుంది.

చూసే పద్ధతి ఇది. కోడిని రెండు కాళ్ళూ కలిపి పట్టుకుని, రొమ్ము కింద అరచెయ్యి ఆనించి ఒంటికి ఆన్చుకోవాలి. అది కుదుటపడ్డాక బొటనవేలు, చూపుడువేలు మధ్య కీల్ అంచును పట్టి మెడ వైపు నుంచి తోక వైపు దాకా నెమ్మదిగా జరపాలి. బాగున్న ఎముక కత్తి వీపులా తిన్నగా సాగుతుంది. గుండ్రటి బుడిపె తగిలితే అది విరిగి అతుక్కున్న చోటు. ఇంగ్లీషు ఎస్ అక్షరంలా వంకర తిరిగితే వంగిన ఎముక. కొస దగ్గర వేలికి ఠక్కున మెట్టు తగిలినా, కోడి ఒక్కసారిగా గింజుకున్నా కొత్తగా విరిగినది అయ్యుండొచ్చు. 20, 35, 50, 70 వారాలకు యాభై కోళ్ళ చొప్పున ఇలా చూసి పుస్తకంలో రాసుకుంటే ఏ వయసులో, షెడ్డులో ఏ వైపు ఎముక పోతోందో రెండు బ్యాచ్‌లకే తెలిసిపోతుంది. ఆ పుస్తకం లేకపోతే ప్రతి బ్యాచ్‌కూ కొత్తగా ఊహించడమే.

పడిపోయిన కోడికి చెయ్యగలిగింది కూడా ఉంది. కేజీలోంచి తీసి ఊక పరిచిన నేల మీద, విడిగా ఉంచాలి. నీళ్ళు, మేత పడుకున్న చోటే అందేలా పళ్ళేల్లో పెట్టాలి, పక్కన గ్రిట్ విడిగా పెట్టాలి. మొదటి రోజే ఒక గ్రాము కాల్షియం కార్బొనేట్ నోటి ద్వారా ఇస్తే రక్తంలో కాల్షియం పడిపోయి కూలిన కోడి గంటల్లోనే లేచే అవకాశం ఉంది. ఎముకలు గుల్లబారిన కోడికి కొన్ని రోజులు పడుతుంది. వెన్నెముక విరిగినది లేవదు. నాలుగైదు రోజుల్లో నిలబడలేకపోతే బాధ పెంచకుండా ముగించడమే దయ.

చచ్చిన కోడిని తప్పకుండా కోసి చూడాలి. తొడకు కింద ఉండే కాలి ఎముకను శుభ్రం చేసి రెండు చేతులతో విరిస్తే ఆరోగ్యమైనది బలం పెట్టాక ఠప్పున విరుగుతుంది. గుల్లబారినది చేతికి తెలియకుండానే నలిగిపోతుంది. పక్కటెముకలు లోపలికి వంగి, కీళ్ళ దగ్గర పూసల్లా ఉబ్బి ఉంటాయి. గుడ్డు పెంకు సంచిలో ఉండగానే చచ్చి ఉంటే ఆ రాత్రి కాల్షియం చాలలేదని గుర్తు. ఒక కాలు ముందుకు, ఒకటి వెనక్కు చాపి పడిందంటే మారెక్స్ కావచ్చు, మెడ వాలిపోయి ఉంటే బొటులిజం, మెడ తిరిగిపోతే రాణిఖేత్. అనుమానంగా ఉంటే విజయనగరం వైపు గరివిడిలో గానీ, భువనేశ్వర్‌లో గానీ ఉన్న పశువైద్య కళాశాలలకు చూపించడం మేలు.

కదలిక లేకపోతే ఎముక బక్కచిక్కుతుంది, మనుషుల్లోనూ అంతే. కేజీ కోడికి రెక్క విప్పే చోటు లేదు, అందుకే దాని రెక్క ఎముకలు మరీ బలహీనం. ఐరోపా సమాఖ్య దండెం, గూడు లేని వట్టి కేజీలను 2012 జనవరి 1 నుంచి నిషేధించి, దండెం, గూడు ఉన్న కేజీల్లో కోడికి 750 చదరపు సెంటీమీటర్లు తప్పనిసరి చేసింది. మన దేశంలో 2023 నిబంధనలు చెప్పే కనీసం 550. ఏ4 కాగితం ఒకటి 624 ఉంటుంది. అంటే కాగితమంత చోటు కూడా కాదు. దండేలున్న నేల షెడ్లలో ఎముకలు గట్టిపడతాయి గానీ, దూకి, గుద్దుకుని కీల్ విరిగేవి ఎక్కువవుతాయి. మహిళా సంఘాలు నడిపే నేల షెడ్లలో దండెం రెండడుగులు దాటకుండా, పైకి ఎక్కడానికి ఏటవాలు నిచ్చెన వేసి, దండెం అంచులు గుండ్రంగా చెక్కి పెడితే ఆ నష్టం చాలా తగ్గుతుంది. పిల్లలప్పుడే దండెం అలవాటు చెయ్యాలి. గుడ్డుకొచ్చాక మొదటిసారి ఎక్కిన కోడి దిగడం తెలియక పడిపోతుంది.

గ్రామప్రియ లాంటి పెరటి కోళ్ళకు ఏడాదికి 200 గుడ్లు దాటతాయి. వాటిని నాటు కోడిలాగే నూకలు, చోళ్ళతో (రాగులతో) నెట్టుకొస్తున్న ఇళ్ళు కొండ ఊళ్ళలో చాలా ఉన్నాయి. చోళ్ళలో కాల్షియం ఎక్కువని అందరికీ తెలుసు, వంద గ్రాములకు సుమారు 350 మిల్లీగ్రాములు. మనిషికి అది చాలా ఎక్కువ. గుడ్డుకు కావలసింది రెండు వేల మిల్లీగ్రాములు. తేడా గుల్లలతో పూడ్చాలి. నత్తగుల్లలు గానీ, ఇంట్లో వాడిన గుడ్డు పెంకులు ఉడకబెట్టి ఎండబెట్టి గానీ, జొన్న గింజంత పలుకులుగా దంచి సాయంత్రం ఒక చిప్పలో విడిగా పెడితే చాలు. తాంబూలం సున్నం మాత్రం పెట్టకూడదు. అది నోటిని, పేగును కాలుస్తుంది.

బ్యాచ్ ముగిసి కోళ్ళను ఎత్తే రోజున ఎముకలు అన్నిటికంటే పెళుసుగా ఉంటాయి. 1989లో బ్రిటన్‌లో వెలువడ్డ పరిశీలనలో కేజీ కోళ్ళలో 29 శాతానికి, వధశాలలో స్పృహ తప్పించే చోటుకు చేరేలోపే, ఒక ఎముకైనా విరిగి ఉంది. ఒక కాలు పట్టి కేజీ తలుపులోంచి లాగడం, తొడ ఎముక తలుపు ఊచకు తగలడం అందులో పెద్ద కారణం. రెండు కాళ్ళూ కలిపి పట్టి, రొమ్ముకు చెయ్యి ఆన్చి తీస్తే విరగడం బాగా తగ్గుతుంది, కోడికి రెండు మూడు సెకన్లు ఎక్కువ పడుతుందంతే. ఎత్తేవాళ్ళకు కోడి లెక్కన కూలి ఇస్తే ఆ సెకన్లు మిగలవు. గంట లెక్కన ఇవ్వాలి, రాత్రి చల్లటి వేళ తక్కువ వెలుతురులో ఎత్తించాలి. సంతకు తీసుకెళ్ళే చిన్న వ్యాపారులు సైకిల్ హ్యాండిల్‌కు కాళ్ళు కట్టి తలకిందులుగా వేలాడదీసే కోళ్ళలో చాలావరకు ఇలాంటి ముదురు లేయర్లే. వాటికి వెదురు గంపలు ఇచ్చి పంపించడం అమ్మేవాళ్ళ చేతిలో పని. ఎన్ని విరిగాయో తెలుసుకోవాలంటే మాంసం కొట్టే దుకాణంలో అడగాలి. ఈకలు తీశాక రెక్క మడతలో, తొడ మొదట్లో ఎర్రగా, నల్లగా రక్తం గూడుకట్టి ఉంటే ఆ ఎముక కోడి బతికుండగానే విరిగింది. రక్తం లేకుండా విరిగి ఉంటే కోసిన తరవాత విరిగింది. వంద కోళ్ళలో మొదటి రకం ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి చెప్పమంటే వాళ్ళు చెబుతారు.